నాలుగు బేల ఎన్‌క్లోజర్ కొంటే బ్యాకప్ కూడా అయిపోయినట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీలో డెబియన్ లైనక్స్ వేసి ఇమ్మిచ్ (ఫొటోల సర్వర్), జెల్లీఫిన్ (సినిమాల సర్వర్) నడుపుతున్నారు. దానికి తగిలించిన 4 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు నిండిపోవచ్చింది. మినీ పీసీలో పెద్ద డిస్కు పెట్టే చోటు లేదు. నాలుగు బేల యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ (నాలుగు హార్డ్ డిస్కులు పట్టే బయటి పెట్టె) కొని, నాలుగు డిస్కులు పెట్టి రెయిడ్ 5 (డిస్కులన్నీ ఒకటిగా కలిపి, ఒకటి పోయినా డేటా నిలిచే ఏర్పాటు) చేస్తే స్టోరేజీ, బ్యాకప్ రెండూ ఒకేసారి తేలిపోతాయా, లేక నాస్ (నెట్‌వర్క్‌కు తగిలించే రెడీమేడ్ స్టోరేజీ పెట్టె) కొనడమే మంచిదా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: ఎన్‌క్లోజర్ కొనండి, రెయిడ్ 5 వద్దు, ఉన్న డబ్బంతా ఒకే పెట్టెలో పోయకండి. స్టోరేజీ సమస్య ఎన్‌క్లోజర్‌తో తీరిపోతుంది. బ్యాకప్ సమస్య మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. నాలుగు డిస్కులకు అనుకున్న డబ్బుతో ఇప్పటికి రెండు 8 టీబీ డిస్కులు తీసుకోండి. ఒకటి ఎన్‌క్లోజర్‌లో ఉంటుంది. రెండోది దానికి సంబంధం లేని సింగిల్ డాక్‌లో (ఒకే డిస్కు పెట్టే స్టాండులో), వేరే అడాప్టర్‌తో ఉంటుంది. ఇప్పుడున్న 4 టీబీ డిస్కు ఇంకా బాగుంటే మూడో కాపీగా ఊరికి పంపించండి. నాస్ సంగతి తర్వాత చెబుతాను.

నేను పెళ్లి ఫొటోలు, వీడియోలు తీసే స్టూడియోలకు స్టోరేజీ పెట్టి చూసుకుంటుంటాను. ఇంట్లో నాదీ మీలాంటి మినీ పీసీయే. ఈ పనిలో నేను వాడే కొలమానం ఒక్కటే: ఒకే అడాప్టర్, ఒకే బోర్డు, ఒకే యూఎస్‌బీ కేబుల్ మీద నాలుగు డిస్కులున్నా అది ఒక్క కాపీ కిందే లెక్క. కరెంటు తీగ వేరైన చోటే రెండో కాపీ మొదలవుతుంది.

రెయిడ్ 5 చేసే పని ఒక డిస్కు పోయినా సర్వర్ ఆగకుండా చూడటం. ఆఫీసులో దానికి విలువుంది. మన ఇంట్లో జెల్లీఫిన్ రెండు రోజులు ఆగితే పిల్లలు గొడవ చేస్తారు, అంతకుమించి ఏమీ కాదు. పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెయిడ్ దాన్ని అన్ని డిస్కుల మీదా శ్రద్ధగా డిలీట్ చేసేస్తుంది. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్) వచ్చినా అంతే. పైగా 8 టీబీ డిస్కు పోయి కొత్తది పెడితే, సెకనుకు 200 ఎంబీ చొప్పున ఎక్కడా ఆగకుండా నడిచినా రీబిల్డ్‌కి (డేటాను కొత్త డిస్కు మీద తిరిగి కట్టడానికి) 11 గంటలు పడుతుంది. యూఎస్‌బీ మీద ఇంకా ఎక్కువే. అంతసేపూ మిగతా మూడు డిస్కులు ఊపిరాడకుండా తిరగాలి. ఆ మూడూ ఒకేరోజు ఒకే షాపులో కొన్నవైతే వాటి వయసూ ఒకటే అని మరచిపోకండి.

మన దగ్గర దీనికి తోడు కరెంటు బాధ ఒకటి. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే 230 వోల్టులు రావాల్సిన ఇంట్లోకి 400 దాకా వచ్చే ప్రమాదం ఉంది. నాకు తెలిసిన ఒక స్టూడియోలో వానాకాలంలో అదే జరిగింది. ఎడిటింగ్ సిస్టమ్ ఎస్‌ఎంపీఎస్, టీవీ, ఎన్‌క్లోజర్ అడాప్టర్ అన్నీ ఒకేసారి పోయాయి. పెట్టెలో ఉన్న డిస్కుల్లో రెండింటి సర్క్యూట్ బోర్డులు మాడిపోయాయి. రెయిడ్ 5 ఒక డిస్కు పోతే కాపాడుతుంది, రెండు పోతే చేతులెత్తేస్తుంది. చివరికి ఆ సీజన్ పెళ్లిళ్ల ఆల్బమ్‌లన్నీ బీరువాలో విడిగా పెట్టిన డిస్కులోంచే తీసి ఇచ్చారు.

హార్డ్‌వేర్ రెయిడ్ ఉన్న పెట్టె అసలే వద్దు. వెనకవైపు చిన్న చిన్న డిప్ స్విచ్‌లతో రెయిడ్ 0, 1, 5 మార్చుకునే ఎన్‌క్లోజర్లు ఉంటాయి. చూడటానికి సులువుగానే ఉంటుంది. కానీ డిస్కుల మీద డేటాను ఎలా పేర్చాలో లోపలున్న చిప్ తన పద్ధతిలో నిర్ణయిస్తుంది. రేపు ఆ బోర్డు పోతే డిస్కులు నిక్షేపంగా ఉన్నా నేరుగా కంప్యూటర్‌కు తగిలించి చదవలేరు. ఇలా ఇరుక్కున్న ఒకాయన అదే మోడల్ కోసం సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో షాపు షాపూ తిరిగారు. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. చివరికి సెకండ్ హ్యాండ్‌లో ఒకటి దొరికి బయటపడ్డారు. మీరు కొనేటప్పుడు జేబీఓడీ అని, అంటే ప్రతి డిస్కునూ విడివిడిగా చూపించేది అని అడిగి తీసుకోండి. అలాంటి దాంట్లోంచి డిస్కు తీసి ఏ లైనక్స్ కంప్యూటర్‌కు తగిలించినా డేటా కనిపించాలి.

ఇక ఎన్‌క్లోజర్ ఎంపిక. వేగం గురించి అందరూ తెగ ఆలోచిస్తారు, నిజానికి అక్కడ ఆలోచించేది తక్కువే. మీ ఇంట్లో గిగాబిట్ నెట్‌వర్క్ అయితే సెకనుకు 110 ఎంబీ చిల్లర మించి ఏదీ దాటదు. ఒక్క హార్డ్ డిస్కే దాన్ని నింపేస్తుంది. 5 జీబీపీఎస్ యూఎస్‌బీ చాలు. నాలుగు డిస్కులూ ఒకేసారి చదివే పని ఉంటేనే 10 జీబీపీఎస్ తేడా తెలుస్తుంది. మనసు పెట్టాల్సిన విషయాలు వేరే ఉన్నాయి.

మొదటిది పవర్ స్విచ్. నవ్వకండి, మన ఊళ్లలో ఇదే ముఖ్యం. కొన్ని ఎన్‌క్లోజర్లకు మెత్తగా నొక్కే బటన్ ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక మినీ పీసీ దానంతట అదే లేస్తుంది, ఎన్‌క్లోజర్ మాత్రం ఎవరో వచ్చి బటన్ నొక్కేదాకా పడుకునే ఉంటుంది. మీరు ఆఫీసులో, ఇంట్లో అమ్మగారు ఫోన్ చేసి "ఫొటోలు రావట్లేదురా" అంటారు. అందుకని షాపులోనే చూసుకోండి: డిస్కు పెట్టి ఆన్ చేయండి, గోడ దగ్గర స్విచ్ ఆపండి, పది లెక్కపెట్టి మళ్లీ వేయండి. లైటు వెలిగి, డిస్కు తిరుగుతున్న సన్నటి గుయ్ మనే చప్పుడు దానంతట అదే మొదలైతే తీసుకోవచ్చు. అటూ ఇటూ టక్కుమని పడే మామూలు స్విచ్ ఉన్న మోడల్‌కు సాధారణంగా ఈ బాధ ఉండదు. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ గడువు లోపే ఈ పరీక్ష చేయండి.

రెండోది అడాప్టర్. 3.5 అంగుళాల డిస్కు తిరుగుతున్నప్పుడు 5 నుంచి 8 వాట్లే తీసుకుంటుంది గానీ, లేచే ఆ కొన్ని సెకన్లలో 12 వోల్టుల మీద 2 ఆంప్స్ దాకా లాగుతుంది. నాలుగు డిస్కులు ఒకేసారి లేస్తే దాదాపు 96 వాట్లు. పెట్టెతో వచ్చింది 60 వాట్ల అడాప్టర్ అయితే, డిస్కులను ఒకదాని తర్వాత ఒకటి లేపే ఏర్పాటు ఆ పెట్టెలో ఉండాలి. లేకపోతే రెండు డిస్కులదాకా బాగానే నడిచి, మూడోది పెట్టిన రోజు నుంచి విచిత్రంగా తెగిపోవడం మొదలవుతుంది. జనం డిస్కు చెడిపోయిందనుకుని మార్చేస్తారు, అసలు దోషం అడాప్టర్‌ది.

మూడోది లోపలి బ్రిడ్జ్ చిప్, అంటే డిస్కును యూఎస్‌బీకి కలిపేది. జేమైక్రాన్, ఏఎస్‌మీడియా ఈ రెండూ ఎక్కువగా కనిపిస్తాయి. పేరు కన్నా పనితీరు చూడండి. డిస్కు ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్ అనే ప్రోగ్రామ్‌తో ప్రతి డిస్కు ఉష్ణోగ్రత, సీరియల్ నంబరు విడివిడిగా కనిపించాలి. కొన్నిసార్లు డివైస్ రకం శాట్ అని ఆ ప్రోగ్రామ్‌కు మనమే చెప్పాల్సి వస్తుంది, అది ఫరవాలేదు. అలా చెప్పినా ఏమీ రాకపోతే డిస్కు చనిపోయే ముందు మీకు కబురు అందే దారి లేదు. ఇంకొన్ని పెట్టెలు లోపలున్న అన్ని డిస్కులకూ ఒకటే సీరియల్ నంబరు చూపిస్తాయి. ఏది ఏదో తెలియక తప్పు డిస్కు ఫార్మాట్ చేసే ప్రమాదం అక్కడే ఉంది. పాత డాక్‌లలో మరో చిక్కు: 2 టీబీ దాటిన డిస్కులను 4,096 బైట్ల సెక్టార్లుగా మార్చి చూపిస్తాయి. తర్వాత ఆ డిస్కును నేరుగా సాటా పోర్టుకు తగిలిస్తే పార్టిషనే కనబడదు, గుండె ఆగినంత పనవుతుంది. డేటా ఎక్కడికీ పోదు, మళ్లీ ఆ డాక్‌లో పెడితే కనిపిస్తుంది. కానీ ఆ డాక్ మీద ఆధారపడి బతకడమే కదా మనం వద్దనుకున్నది.

నడుస్తూ నడుస్తూ తెగిపోతుంటే కెర్నల్ (లైనక్స్ మూలభాగం) లాగ్‌లో రీసెట్ అనే లైన్లు చూడండి. లైనక్స్‌లో యూఏఎస్ (యూఎస్‌బీ డిస్కులను వేగంగా నడిపే పద్ధతి) డ్రైవర్‌కూ కొన్ని చిప్‌లకూ పడదు. ఆ పరికరానికి యూఏఎస్ వాడొద్దని కెర్నల్‌కు ఒక క్వర్క్ (మినహాయింపు సెట్టింగ్) ఇస్తే వేగం కొంచెం తగ్గి, తెగిపోవడం ఆగుతుంది. దానికంటే ముందు కేబుల్ మార్చి చూడండి. పొట్టి కేబుల్ వాడండి, మధ్యలో హబ్ పెట్టకండి. అన్నట్టు, ఎన్‌క్లోజర్‌ను వైఫై రౌటర్ పక్కనే పెట్టకండి. యూఎస్‌బీ 3.0 నుంచి వచ్చే రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను పాడు చేస్తుందని 2012లో ఇంటెల్ కంపెనీయే ఒక పత్రం విడుదల చేసింది.

వేడి గురించి ఒక మాట. డిస్కులకు కంపెనీలు మామూలుగా 60 డిగ్రీల దాకా హద్దు రాస్తాయి. ఆ హద్దు చూసి ధైర్యపడొద్దు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గదే 38 డిగ్రీలుంటే, ఫ్యాన్ లేని మూసిన పెట్టెలో డిస్కు 55 దాటేస్తుంది. 45 లోపు ఉంటే నాకు నిశ్చింత, 50 దాటితే ఏదో ఒకటి చేస్తాను. అల్యూమినియం పెట్టె, వెనకాల 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్నది తీసుకోండి. మామూలు సైజు ఫ్యాన్ అయితే పాడైనప్పుడు మీరే మార్చుకోవచ్చు. టీవీ కింద చెక్క అరలో తోసి తలుపు వేయకండి. దుమ్ము జాలీ అప్పుడప్పుడూ దులపండి.

డిస్కుల విషయంలో సీఎంఆర్ రకం అడగండి, ఎస్‌ఎంఆర్ కాదు. ఎస్‌ఎంఆర్ డిస్కుల్లో ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. కొంచెం రాసేటప్పుడు బాగానే ఉంటుంది, గంటలకొద్దీ రాస్తే నత్తనడక. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ సిరీస్‌లో కొన్ని మోడళ్లు ఎస్‌ఎంఆర్ అని ముందుగా చెప్పకుండా అమ్మిందని పెద్ద గొడవే అయింది. తర్వాతే సీఎంఆర్ వాటికి రెడ్ ప్లస్ అని పేరు పెట్టారు. కాబట్టి సిరీస్ పేరు చూసి కాదు, మోడల్ నంబరు కంపెనీ పట్టికలో చూసి కొనండి. బ్యాకప్ డిస్కు ఎస్‌ఎంఆర్ అయినా నాకు పెద్ద అభ్యంతరం లేదు, రాత్రిపూట దాని తిప్పలు అది పడుతుంది. కొన్నాక డేటా వేసే ముందు స్మార్ట్ లాంగ్ టెస్ట్ (డిస్కు తనను తాను మొత్తం తనిఖీ చేసుకోవడం) ఒకసారి నడపండి. 8 టీబీకి సగం రోజు పైనే పడుతుంది, పట్టనివ్వండి. 8 టీబీ డిస్కు సిస్టమ్‌లో 7.27 అని కనబడితే షాపువాడితో తగాదా పడకండి, అది లెక్కించే పద్ధతిలో తేడా మాత్రమే.

ఫైల్ సిస్టమ్ దగ్గర నాది పాత పద్ధతి. ప్రతి డిస్కుకూ విడిగా ఎక్స్‌టీ4. రెండో డిస్కు చేర్చిన రోజు రెండింటినీ మెర్జర్‌ఎఫ్‌ఎస్ అనే ప్రోగ్రామ్‌తో ఒకే ఫోల్డర్‌గా చూపించవచ్చు. ఒక డిస్కు పోతే దాని మీదున్నవే పోతాయి, మిగతావి ఉంటాయి. సినిమాలు, సీరియళ్లు ఎక్కువైపోతే అప్పుడు స్నాప్‌రెయిడ్ (ఒక డిస్కు పోతే తిరిగి తెచ్చుకునేలా అప్పుడప్పుడూ లెక్క కట్టి పెట్టే ప్రోగ్రామ్) గురించి ఆలోచించండి. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ యూఎస్‌బీ మీద అస్సలు పనికిరాదని చాలామంది అంటారు. నేను అంత కఠినంగా చెప్పను. ఒక్కో డిస్కు ఒక్కో పూల్‌గా పెట్టి, చెక్‌సమ్‌ల (డేటా చెడిందో లేదో పట్టే లెక్కల) కోసం వాడుకుంటే తప్పులేదు. నాలుగు బేల యూఎస్‌బీ పెట్టె మీద రెయిడ్‌జెడ్ (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో రెయిడ్ 5 లాంటిది) మాత్రం వద్దు. కేబుల్ ఒక్కసారి కదిలితే నాలుగు డిస్కులూ ఒకేసారి మాయమవుతాయి, పూల్ మొత్తం అక్కడే నిలబడిపోతుంది. ఎక్స్‌ఫ్యాట్ వాడకండి, దానికి జర్నల్ (రాత మధ్యలో ఆగితే సరిదిద్దుకునే చిట్టా) లేదు, కరెంటు కోతలకు తట్టుకోదు.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని ఒక విషయం. ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్కు ఏ ఫోల్డర్‌లో కనబడాలో రాసే ఫైల్లో) డిస్కును ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లతో రాయకండి, అవి రీబూట్‌కి మారిపోతాయి. యూయూఐడీతో (రీబూట్‌కి మారని గుర్తింపు నంబరుతో) రాయండి. పక్కన నోఫెయిల్ అని పెట్టండి, లేకపోతే ఎన్‌క్లోజర్ లేవని రోజు సర్వర్ కూడా సరిగా బూట్ అవ్వదు. అయితే నోఫెయిల్ పెట్టాక ఇంకో ఉచ్చు మొదలవుతుంది. డిస్కు మౌంట్ కాలేదు (తన ఫోల్డర్‌కు జతపడలేదు), కానీ ఆ పేరుతో ఖాళీ ఫోల్డర్ మాత్రం ఎస్‌ఎస్‌డీ మీద ఉంది. రాత్రి రెండింటికి బ్యాకప్ స్క్రిప్ట్ నడుస్తుంది. దానికి తేడా తెలియదు, 512 జీబీ ఎస్‌ఎస్‌డీలోకే మొత్తం కుమ్మరిస్తుంది. పొద్దున్నకి సిస్టమ్ ఉన్న రూట్ పార్టిషన్ నిండిపోయి, ఇమ్మిచ్ లాంటివి నడిచే కంటైనర్లన్నీ పడిపోయి ఉంటాయి. ఇంకా ఘోరం, ఖాళీ ఫోల్డరే అసలు సోర్స్ అనుకుని ఆర్‌సింక్ (ఫోల్డర్లను కాపీ చేసే ప్రోగ్రామ్) డిలీట్ ఆప్షన్‌తో నడిస్తే, బ్యాకప్‌లో ఉన్న ఫొటోలన్నీ తుడిచిపెట్టేస్తుంది.

మందు చిన్నదే. డిస్కు మౌంట్ చేయకముందే ఆ ఖాళీ ఫోల్డర్‌కు చాట్టర్ కమాండ్‌తో ఇమ్మ్యూటబుల్ (మార్చరాని) గుర్తు పెట్టండి, ఇక దాంట్లో రూట్ యూజర్ కూడా రాయలేడు. డిస్కు మౌంట్ అయ్యాక మామూలుగానే పనిచేస్తుంది. రెండోది, ప్రతి డిస్కులో ఒక గుర్తు ఫైలు పెట్టుకోండి. స్క్రిప్ట్ మొదటి లైన్‌లోనే సోర్స్‌లో, టార్గెట్‌లో ఆ ఫైలు ఉందో లేదో చూసి, లేకపోతే ఆగిపోయి మీకు టెలిగ్రామ్‌లోనో మెయిల్‌లోనో చెప్పాలి.

బ్యాకప్ దేనికి తీయాలి? మొత్తం 4 టీబీకి కాదు. జెల్లీఫిన్‌లో ఉన్న సినిమాలు పోతే మళ్లీ దొరుకుతాయి. అమ్మమ్మ షష్టిపూర్తి వీడియో దొరకదు. విడదీసి చూస్తే చాలా ఇళ్లలో నిజంగా కాపాడాల్సింది 1 టీబీ దాటదు. అది తెలిశాక ఖర్చు లెక్కే మారిపోతుంది.

నేను రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ వాడతాను. రోజూ రాత్రి డాక్‌లో ఉన్న డిస్కు మీదకు స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్న స్థితి) తీస్తుంది, మారినవే రాస్తుంది, ఎన్‌క్రిప్ట్ చేసే రాస్తుంది. మూడు వారాల కింద డిలీట్ అయిన ఫోల్డర్‌ను ఈరోజు కూడా తీయొచ్చు, పట్టి ఉంచే గడువు మీరే పెట్టుకోవచ్చు. బోర్గ్ కూడా మంచిదే. ఏది వాడినా దాని పాస్‌వర్డ్ ఆ సర్వర్‌లోనే దాచుకుంటే ఉపయోగం లేదు. కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పెట్టండి.

ఇమ్మిచ్ విషయంలో ఫొటోల ఫోల్డర్ ఒక్కటే కాపీ చేస్తే చాలదు. ఆల్బమ్‌లు, ముఖాలకు పెట్టిన పేర్లు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి. నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను అలాగే కాపీ కొట్టకండి, అది సగంలో ఉన్న స్థితిలో రావచ్చు. డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఫైలుగా రాసిన నకలు) తీసి, ఆ డంప్‌ను ఫొటోలతో పాటు బ్యాకప్ చేయండి.

మూడో కాపీ ఇంటి బయట ఉండాలి. క్లౌడ్ అనుకుంటే లెక్క వేసుకోండి: 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిండా వాడినా 4 టీబీ పంపడానికి నాలుగు రోజులకు కాస్త తక్కువ, 1 టీబీకి ఒక రోజుకు కాస్త తక్కువ. అన్‌లిమిటెడ్ అని రాసిన ప్లాన్లలో కూడా నెలకు 3,300 జీబీ లాంటి హద్దు చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూసుకోండి. అదే డిస్కు నుంచి డిస్కుకు యూఎస్‌బీ మీద అయితే సెకనుకు 150 ఎంబీ చొప్పున 4 టీబీ ఏడున్నర గంటల్లో అయిపోతుంది. అందుకే నేను డిస్కు చేత్తో మోసుకెళ్లడమే ఇష్టపడతాను. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు తాజా డిస్కు ఒకటి తీసుకెళ్లి అక్కడి బీరువాలో పెట్టి, అక్కడున్నది వెనక్కి తెచ్చుకోవడం, దసరాకి మళ్లీ అదే. మధ్యలో వచ్చే కొత్త ఫొటోలు మాత్రం క్లౌడ్‌కు వెళతాయి, అవి కొన్ని పదుల జీబీలే. బస్సులో పోయినా ఎవరూ చూడకుండా ఆ డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి, రెస్టిక్ అయితే అది దానంతట అదే అయిపోతుంది.

కరెంటు సంగతి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని ఊరుకోకండి. చాలా ఇన్వర్టర్లకు వెనకాల యూపీఎస్ మోడ్, నార్మల్ లేదా ఎకో మోడ్ అని స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయి బ్యాటరీకి మారే ఆ క్షణంలో ఫ్యాన్ ఆగదు గానీ ఎన్‌క్లోజర్ రీసెట్ అవుతుంది. యూపీఎస్ మోడ్‌లోకి మార్చి చూడండి. అయినా సరే మినీ పీసీకి, రౌటర్‌కి, ఎన్‌క్లోజర్‌కి కలిపి యూఎస్‌బీ పోర్టు ఉన్న చిన్న 600 వీఏ యూపీఎస్ పెట్టండి. ఎన్‌యూటీ అనే ప్రోగ్రామ్ దాని బ్యాటరీ స్థాయి చూసి సర్వర్‌ను సక్రమంగా ఆపుతుంది. బ్యాకప్ డాక్ మాత్రం గదిలో ఇంకో ప్లగ్‌లో ఉంటుంది, బ్యాకప్ సమయానికి మాత్రమే స్మార్ట్ ప్లగ్‌తో ఆన్ అవుతుంది. అన్‌మౌంట్ అయ్యాకే ఆఫ్ అయ్యేలా స్క్రిప్ట్ రాసుకోవాలి, టైమర్ మీద వదలకండి. పిడుగులు పడే రాత్రి ప్లగ్ లాగేసి ఉంచడానికి మించిన రక్షణ లేదు.

నాస్ కొనాలా? ఇంట్లో లైనక్స్ తెలిసినవాళ్లు ఎవరూ లేకపోతే, మీరు విదేశంలో ఉండి అమ్మానాన్నల ఇంట్లో పెట్టాలనుకుంటే కొనండి, ఆ డబ్బుకు న్యాయం జరుగుతుంది. డిస్కులు నేరుగా సాటా మీద ఉంటాయి కాబట్టి యూఎస్‌బీ తగాదాలుండవు. మీకు సర్వర్ ఉంది, నడపడం వచ్చు. అదే డబ్బు పెట్టి ఇంకో డిస్కు, యూపీఎస్ తెచ్చుకోవచ్చు. నాస్ కొన్నా బ్యాకప్ డిస్కు విడిగా కొనాల్సిందే.

ఇంకో పని: అంతా పెట్టాక ఒక ఆదివారం బ్యాకప్ డిస్కును సర్వర్‌కు సంబంధం లేని ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఒక పాత పెళ్లి ఫోల్డర్ రీస్టోర్ చేసి, నాలుగైదు ఫొటోలు, ఒక వీడియో చివరిదాకా తెరిచి చూడండి. ఎంతసేపు పట్టింది, ఏ పాస్‌వర్డ్ అడిగింది, ఏ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చింది అన్నీ ఆ కాగితం మీదే రాయండి. మీరు ఊళ్లో లేనప్పుడు మీ ఆవిడో తమ్ముడో ఆ కాగితం చూసి చేయగలగాలి.

మీ పాత 4 టీబీ డిస్కును ఊరికి పంపే ముందు స్మార్ట్‌లో రీఅలొకేటెడ్ (చెడితే బదులు చోటు ఇచ్చిన), పెండింగ్ (సరిగా చదవలేకపోతున్న) సెక్టార్ల అంకెలు చూడండి. పెండింగ్ సున్నా కాకపోతే దాన్ని నమ్మకండి. ఆ అంకెలు, మీరు చూసిపెట్టుకున్న ఎన్‌క్లోజర్ మోడల్ పేరు, దాని అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంప్స్ ఇక్కడ పెట్టండి. కొనే ముందే చూసి చెబుతాను.